వైజాగ్‌లో పాత సెడాన్: కొనేముందు ఏం చూడాలి, కొన్నాక ఎంత అవుతుంది

పాత కారు చూడ్డానికి వెళ్ళినవాళ్ళు మొదట అడిగేది "ఎన్ని కిలోమీటర్లు తిరిగింది?" అని. అడగండి, తప్పులేదు. కానీ మీటరు వెనక్కి తిప్పడం తెలిసినవాడికి పెద్ద పని కాదు. విశాఖలో అంతకంటే పనికొచ్చే ప్రశ్న ఇంకొకటుంది: "ఈ బండి ఇన్నేళ్ళూ రాత్రిళ్ళు ఎక్కడ ఆగింది?"

లాసన్స్ బే కాలనీలోనో, సాగర్ నగర్‌లోనో సముద్రపు గాలి నేరుగా తగిలేచోట ఆరుబయట పదేళ్ళు ఆగిన కారు ఒకటనుకోండి. పెందుర్తిలోనో గోపాలపట్నంలోనో షెడ్డు కింద ఆగిన కారు ఇంకొకటి. మొదటిది 40 వేల కిలోమీటర్లే తిరిగి ఉండొచ్చు, రెండోది లక్ష దాటి ఉండొచ్చు. నన్నడిగితే రెండోదే తీసుకోమంటాను. ఇంజన్ అరిగితే బాగుచేసే మెకానిక్కులు ఆటోనగర్‌లో కావలసినంత మంది ఉన్నారు. ఉప్పుగాలి తినేసిన బాడీని మళ్ళీ కంపెనీ బాడీలా చేసేవాడు మాత్రం దొరకడు.

ఇక్కడ చెప్పేదంతా రెండు నుంచి నాలుగు లక్షల బడ్జెట్‌లో, 8 నుంచి 14 ఏళ్ళ వయసున్న సెడాన్ చూస్తున్నవాళ్ళ కోసం. రేట్లు బయటి గ్యారేజీల్లో సుమారుగా అయ్యేవి. కంపెనీ సర్వీస్ సెంటర్‌కి వెళ్తే ఇంకా పెరుగుతాయి.

ముందు ఏ బండో తేల్చుకోండి

ఆన్‌లైన్ యాప్‌లో ఫొటో బాగుందనో, పాత కార్లు అమ్మిపెట్టే కన్సల్టెన్సీ వాడు "సింగిల్ ఓనర్ సార్, డాక్టరు గారి బండి" అన్నాడనో వెళ్ళకండి. ముందు రెండు మోడళ్ళు అనుకుని, వాటినే వెతకండి.

స్పేర్లు, మెకానిక్కుల సంగతి చూస్తే డిజైర్, ఎటియోస్ రెండింటికీ తిరుగులేదు. డిజైర్ డీజిల్‌లో ఉన్న 1.3 లీటర్ల ఇంజన్ ఫియట్ వాళ్ళది. స్విఫ్ట్, లీనియా, ఇండిగో మాంజా లాంటి చాలా బండ్లలో అదే ఉంది కాబట్టి దాన్ని విప్పని మెకానిక్ ఉండడు. అయితే ఈ రెండు మోడళ్ళూ ట్యాక్సీలుగా విపరీతంగా తిరిగాయి. ఎల్లో ప్లేట్ తీసేసి వైట్ ప్లేట్‌కి మార్చి అమ్మేవి ఉంటాయి. ఆర్సీ చరిత్ర చూడకుండా అడ్వాన్స్ ఇవ్వకండి. నాలుగు డోర్ల హ్యాండిళ్ళూ సమానంగా అరిగి, వెనక సీటు ముందు సీటుకంటే ఎక్కువ నలిగిపోయి ఉంటే ఆ బండి ఎవరి ఇంటి కారో అర్థమైపోతుంది.

హోండా సిటీ పెట్రోల్ ఇంజన్ చాలా గట్టిది. కానీ కిందికి ఉండే బండి, మన స్పీడ్ బ్రేకర్లకి అడుగు రాసుకుంటుంది. వెర్నా డీజిల్ పికప్ బాగుంటుంది, సస్పెన్షన్ మెత్తన. ఫోక్స్‌వ్యాగన్ వెంటో, స్కోడా ర్యాపిడ్ నడపడానికి హాయిగా ఉంటాయి, డోరు వేస్తే వచ్చే శబ్దానికే పడిపోయేవాళ్ళున్నారు. రిపేరు బిల్లు మాత్రం చారాణా కోడికి బారాణా మసాలా. అందులోనూ ఏడు గేర్ల డీఎస్‌జీ ఆటోమేటిక్ ఉన్నదైతే, గేర్లు మార్చే మెకట్రానిక్ యూనిట్ పోతే బిల్లు లక్ష దాటే అవకాశం ఉంది. మూడు లక్షల బండిలో ఆ రిస్కు వద్దు.

షెవర్లే 2017 చివర్లో మన దేశంలో అమ్మకాలు ఆపేసింది. ఫోర్డ్ 2021లో తయారీ ఆపుతున్నట్టు ప్రకటించింది. అందుకే వీటి బండ్లు చవగ్గా వస్తాయి. ఫోర్డ్ ఫియెస్టా లాంటివి నడపడానికి చక్కగానే ఉంటాయి, కానీ ఒక హెడ్‌లైటో, ఒక డోరు గ్లాసో పోతే ఎన్నాళ్ళు ఆగాలో చెప్పలేం. ఇంట్లో ఇంకో బండి ఉంటేనే వీటి జోలికి వెళ్ళండి.

ఇంకో సంగతి, దీన్ని చాలామంది పట్టించుకోరు. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ప్రీమియం ఇంజన్ సైజును బట్టి ఉంటుంది. 2022 జూన్‌లో వచ్చిన రేట్ల ప్రకారం 1000 నుంచి 1500 సీసీ వరకు ఏడాదికి రూ. 3,416, 1500 దాటితే రూ. 7,897, దానిమీద జీఎస్టీ అదనం. సిటీ 1497 సీసీ, ఎటియోస్ పెట్రోల్ 1496 సీసీ, రెండూ గీతకి ఇవతలే. 1.6 లీటర్ల వెర్నా, మారుతి ఎస్‌ఎక్స్4 పెట్రోల్, 1.6 ఇంజన్ ఉన్న వెంటో గీత దాటేస్తాయి. కొన్నన్నాళ్ళూ ఏటా ఆ తేడా కట్టాల్సిందే.

తుప్పు: ఇక్కడ తొందరపడొద్దు

బండి చూడ్డానికి ఉదయం వెళ్ళండి, మంచి వెలుతురులో. అప్పుడే కడిగి తడిగా పెట్టి ఉంటే ఆరేదాకా ఆగండి. తడి మీద పెయింటు తేడాలు కనపడవు. కన్సల్టెన్సీల దగ్గర బండ్లు పొద్దున్నే నీళ్ళు కారుతూ మెరిసిపోవడంలో సగం మర్మం అదే.

ముందు డోర్లు. నాలుగు డోర్లూ తెరిచి, అడుగు అంచు లోపలివైపు వేలితో తడుముతూ వెళ్ళండి. రేకు మడత పెట్టిన చోట పొంగులు తగిలినా, వేలికి ఎర్రటి పొడి అంటుకున్నా అక్కడ తుప్పు మొదలైనట్టే. డోర్ల అడుగున నీళ్ళు పోవడానికి చిన్న రంధ్రాలుంటాయి. మట్టి పట్టి అవి మూసుకుపోతే వాననీళ్ళు లోపలే నిలబడి రేకుని లోపల్నుంచి తింటాయి. పైకి బుడగ కనిపించేసరికే లోపల సగం పని అయిపోయి ఉంటుంది.

తర్వాత డిక్కీ. కార్పెట్ ఎత్తి, స్టెప్నీ బయటికి తీయించండి. అమ్మేవాళ్ళు విసుక్కుంటారు, అయినా తీయించాల్సిందే. స్టెప్నీ కింద ఉన్న గుంటలో నీళ్ళు నిలిచిన గీత ఉందా, మధ్యలో బోల్టు చుట్టూ తుప్పుందా చూడండి. వెనక నుంచి గుద్దించుకున్న బండి అయితే అక్కడి రేకు నలిగి, మళ్ళీ సాపు చేసిన సుత్తి దెబ్బలు కనిపిస్తాయి. వెనక బంపర్ ఎంత కొత్తగా ఉన్నా ఈ గుంట అబద్ధం చెప్పదు.

పల్చటి ఫ్రిజ్ అయస్కాంతం ఒకటి జేబులో వేసుకెళ్ళండి. గుడ్డ చుట్టి మడ్‌గార్డుల మీద, డోర్ల కింది సగం మీద పెట్టి చూడండి. పట్టుకోకుండా జారిపోతే అక్కడ రేకు మీద మందంగా పుట్టీ ఉన్నట్టు. బంపర్లు ప్లాస్టిక్కే కాబట్టి వాటి మీద పెట్టి కంగారు పడకండి.

ఇదంతా పై పని. అసలు పని ర్యాంపు మీద. గాజువాక ఆటోనగర్‌లోనో, కంచరపాలెం వైపో మీకు తెలిసిన మెకానిక్ దగ్గరికి బండి తీసుకెళ్ళి పైకి ఎత్తించండి. అమ్మేవాళ్ళు చెప్పిన షెడ్డుకి మాత్రం వద్దు. ఐదారు వందలు, మహా అయితే వెయ్యి తీసుకుంటాడు. ఈ మొత్తం బేరంలో ఇంత లాభసాటి ఖర్చు ఇంకొకటి లేదు.

పైకి ఎత్తాక డోర్ల కింద ఉండే రన్నింగ్ బోర్డుని స్క్రూడ్రైవర్ పిడితో వరసగా కొట్టుకుంటూ వెళ్ళమనండి. గట్టి రేకు 'ఠంగ్' మంటుంది. తిన్న రేకు 'డబ్'మని మెత్తటి శబ్దం చేస్తుంది, కొన్నిసార్లు పిడి దెబ్బకే తుప్పు రేకులు రాలిపడతాయి. జాకీ పెట్టే చోటు, ముందు చక్రాన్ని పట్టి ఉంచే లోయర్ ఆర్మ్ బిగించే చోటు, వెనక యాక్సిల్ బిగించే చోటు, బ్రేక్ పైపులు, పెట్రోల్ ట్యాంకు పట్టీలు, సైలెన్సర్ కీళ్ళు, ఇవన్నీ టార్చి వేసి చూడండి.

అడుగంతా నల్లగా, కొత్తగా అండర్‌బాడీ కోటింగ్ చేసి కనిపిస్తే మురిసిపోకండి. అమ్మే ముందు కోటింగ్ ఎందుకు చేయించారో అడగండి. తుప్పు గీకకుండా దాని మీదే కోటింగ్ వేస్తే తడి లోపలే ఉండిపోయి రేకు ఇంకా తొందరగా పోతుంది. పాత బిల్లు చూపించి "నాలుగేళ్ళ కిందట చేయించాను" అంటే అది వేరే సంగతి, ఆ ఓనరుకి బండి మీద శ్రద్ధ ఉన్నట్టు.

తుప్పు కనిపించిందని ప్రతి బండినీ వదులుకోనక్కర్లేదు. మన తీరంలో మచ్చలేని పాత బండి దొరకడమే కష్టం. ముందు మడ్‌గార్డు, డోరు, బానెట్ బోల్టులతో బిగించేవి. అవి పాడైతే మార్చుకోవచ్చు, ఆ మేరకు ధర తగ్గించి అడగండి. రన్నింగ్ బోర్డు, ఫ్లోరు, ముందు షాకబ్జార్బర్ పైన బిగించే టవర్, వెనక యాక్సిల్ పట్టే చోటు, వీటిలో ఏది తిన్నా ఎంత తగ్గించినా వద్దు. టింకరింగ్ చేసేవాడు వెల్డింగ్ పెట్టి ఏడాదిన్నర నడిపిస్తాడు. ఆ తర్వాత అమ్మాలంటే మీరూ కోటింగ్ కొట్టించాల్సి వస్తుంది.

చల్లటి ఇంజన్ దగ్గర

"నేనొచ్చేదాకా స్టార్ట్ చేయొద్దు" అని ముందురోజే ఫోన్లో చెప్పండి. వెళ్ళగానే బానెట్ మీద చెయ్యి వేసి చూడండి. వేడిగా ఉంటే ఏదో దాస్తున్నారేమో అని అనుమానించండి, ఇంకోరోజు వస్తానని చెప్పండి.

స్టార్ట్ చేసేముందు మూడు చోట్ల చూడాలి. ఆయిల్ పోసే మూత అడుగున మజ్జిగ మీగడలాంటి తెల్లటి జిడ్డు ఉంటే కూలెంట్ ఆయిల్లో కలుస్తోందేమో చూడాలి. రోజూ రెండు కిలోమీటర్లే తిరిగే బండికి తేమ వల్ల కూడా కొంచెం పడుతుంది కాబట్టి ఆయిల్ మట్టం చూసే డిప్‌స్టిక్ కూడా తీసి చూడండి. దానిమీద ఆయిల్ కూడా పాలు కలిసినట్టుంటే హెడ్ గాస్కెట్ (ఇంజన్ హెడ్ కింద ఉండే సీలు) పోయిందని అనుమానం, ఇక ఆ బండి వద్దు. కూలెంట్ డబ్బాలో రంగు ఆకుపచ్చో, ఎరుపో, గులాబీయో, నీలమో ఉండాలి. టీ డికాషన్ రంగులో ఉంటే ఇన్నాళ్ళూ కుళాయి నీళ్ళు పోశారని అర్థం. రేడియేటర్, వాటర్ పంపు, థర్మోస్టాట్ మూడూ మీ ఖాతాలో పడతాయి.

ఇప్పుడు స్టార్ట్ చేయించి మీరు సైలెన్సర్ వెనక నిలబడండి. పెట్రోల్ బండికి నీలం పొగ వస్తే ఆయిల్ మండుతోంది. స్టార్ట్ చేసినప్పుడు మాత్రమే ఒక్క పొగ వచ్చి ఆగిపోతే వాల్వ్ సీళ్ళు కావచ్చు. నడుస్తుంటే కూడా వస్తే పిస్టన్ రింగులు, అంటే ఇంజన్ విప్పి చేసే బోరు పని. తెల్ల పొగ ఆగకుండా వస్తుంటే నీళ్ళు ఇంజన్లోకి పోతున్నట్టు. డీజిల్ బండికి యాక్సిలరేటర్ గట్టిగా నొక్కినప్పుడు కొంచెం నల్లపొగ మామూలే, దట్టంగా వస్తే ఇంజెక్టర్లూ టర్బో చూపించాలి. ఒక్కో ఇంజెక్టర్ పది, పదిహేను వేలు, అలాంటివి నాలుగు ఉంటాయి. ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ మూత తీయించండి. పొగ బుసబుసమని పైకి తంతుంటే లోపల అరుగుదల బాగా ఉన్నట్టే.

ఓబీడీ స్కానర్ (ఇంజన్ కంప్యూటర్లో లోపాల కోడ్లు చదివేది) ఉన్న మెకానిక్ అయితే ఒకసారి పెట్టించండి. కోడ్ ఉందా లేదా అన్నదే కాదు, ఆ పొద్దునే కోడ్లన్నీ చెరిపేశారా అన్నది కూడా చాలా స్కానర్లు చూపిస్తాయి.

ఇంజన్లో వాల్వుల్ని నడిపేందుకు టైమింగ్ బెల్టు ఉందా, టైమింగ్ చైన్ ఉందా అన్నది అడిగి తెలుసుకోండి. సిటీ ఐ-వీటెక్, ఎటియోస్, కె సిరీస్ పెట్రోల్ ఇంజన్ ఉన్న డిజైర్, వీటిలో చైన్ ఉంటుంది. వెంటో, ర్యాపిడ్ డీజిల్‌లో బెల్టు. బెల్టు మార్చిన బిల్లు చూపించలేకపోతే మార్చలేదనే లెక్కవేసి ఆ ఖర్చు ధరలో తగ్గించమనండి. నడుస్తుండగా అది తెగితే వాల్వులు పిస్టన్లకి తగిలి ఇంజన్ మొత్తం విప్పాల్సి వస్తుంది.

రోడ్డు మీద

బీచ్ రోడ్డులో ఒక రౌండు కొట్టి "బాగుంది" అనేయకండి. ఆ నున్నటి రోడ్డు మీద ఏ బండైనా బాగానే ఉంటుంది.

ఎంవీపీ కాలనీ వైపు నుంచి మొదలుపెట్టి, హనుమంతవాక మీదుగా హైవే ఎక్కి ఆనందపురం వైపు వెళ్ళండి. 80 స్పీడులో స్టీరింగ్ వణుకుతోందంటే టైర్ల బ్యాలెన్సింగో, రిమ్ము వంకరో. బ్రేకు నొక్కినప్పుడే వణికితే డిస్కులు. స్టీరింగ్ వదిలితే ఒకవైపు లాగేస్తే అలైన్‌మెంటు, లేదంటే పాత దెబ్బ. తిరిగొచ్చేటప్పుడు గోతులున్న ఏదైనా సందులోకి తిప్పండి. అద్దాలన్నీ మూసి, పాటలు ఆపేసి వినండి. చిన్న గతుకులకి 'టకటక' మంటే లింక్ రాడ్లు, పెద్ద గోతికి 'దబ్' మంటే లోయర్ ఆర్మ్ బుష్‌లు గానీ షాకబ్జార్బర్లు గానీ. ఖాళీ స్థలంలో స్టీరింగ్ పూర్తిగా ఒకవైపు తిప్పి మెల్లగా రౌండు కొట్టండి. 'కటకటకట' అని వరసగా శబ్దం వస్తే యాక్సిల్ జాయింటు పోయింది.

వీలైతే కైలాసగిరి ఘాట్ ఎక్కించండి, నలుగురు కూర్చుని, ఏసీ పెట్టి. క్లచ్ జారుతుంటే ఇంజన్ అరుస్తుంది, బండి కదలదు. టెంపరేచర్ ముల్లు మధ్యలో నుంచి పైకి కదిలితే కూలింగ్ సిస్టమ్‌లో లోపం ఉన్నట్టే. దిగేటప్పుడు బ్రేకుల సంగతి తేలిపోతుంది.

ఏసీ: మధ్యాహ్నం ఒంటిగంటకి చూడండి

ఉదయం ఏడింటికి ఏ ఏసీ అయినా చల్లగానే ఉంటుంది. మన ఊళ్ళో ఉక్కపోతకి ఏసీ లేని సెడాన్ ఎవరికీ పనికిరాదు కాబట్టి, బండి నచ్చాక రెండోసారి మధ్యాహ్నం వెళ్ళండి. ఎండలో అరగంట నిలబెట్టి, అప్పుడు ఏసీ వేయండి. బండి కదలకుండా, సిగ్నల్ దగ్గర ఆగినట్టే, పది నిమిషాలు కూర్చోండి. నడుస్తుంటే చల్లగా వచ్చి ఆగితే వేడిగాలి వస్తోందంటే కండెన్సర్ ఫ్యానో, కండెన్సరో, గ్యాస్ తక్కువో.

ఏసీ వేడిని బయటికి వదిలే ఈ కండెన్సర్ రేడియేటర్ ముందు, గ్రిల్ వెనకే ఉంటుంది. ఉప్పుగాలి మొదట తినేది దాన్నే. గ్రిల్లోంచి టార్చి వేసి చూడండి. అల్యూమినియం రెక్కలు తెల్లగా పొడిబారి, వేలు తగిలితే రాలిపోయేలా ఉంటే దాని రోజులు దగ్గరపడ్డాయి. ఆరు నుంచి పది వేలు పక్కన పెట్టుకోండి. జ్ఞానాపురం, పాత పోస్టాఫీసు వైపు రోజూ తిరిగిన బండి అయితే పోర్టు దుమ్ము కూడా దానికి తోడవుతుంది. ఆ బండ్లకి క్యాబిన్ ఫిల్టర్ ఒకసారి తీసి చూడండి, నల్లటి అట్టలా ఉంటుంది.

"మొన్నే గ్యాస్ కొట్టించాం సార్" అంటారు. సంతోషించాల్సిన మాట కాదది. ఏసీ గ్యాస్ పెట్రోల్‌లా ఖర్చయ్యేది కాదు. తగ్గిందంటే ఎక్కడో లీకుంది. రెండు వేలు పెట్టి గ్యాస్ నింపితే అమ్ముడుపోయేదాకా ఆగుతుంది. లీకు కండెన్సర్‌లో ఉంటే సులువే. డ్యాష్‌బోర్డు లోపల ఉండే కూలింగ్ కాయిల్‌లో ఉంటే డ్యాష్‌బోర్డు మొత్తం ఊడదీయాలి, ఒకసారి ఊడదీసిన డ్యాష్‌బోర్డు ఆ తర్వాత ఏదో ఒక మూల కిర్రుమంటూనే ఉంటుంది. కంప్రెసర్ అయితే పదిహేను నుంచి పాతిక వేలు.

మునిగిన బండా?

2014 అక్టోబర్ 12 హుద్‌హుద్ తుఫాను రోజున చెట్లు పడి నలిగినవి, నీళ్ళలో నానినవి చాలా ఉన్నాయి. అప్పటికే ఉన్న బండి అయితే ఆ సంగతి సూటిగా అడగండి. కానీ ఇప్పుడు ఎక్కువ చూసుకోవాల్సింది బయటి ఊళ్ళ నుంచి వచ్చే బండ్ల విషయంలో. 2015 చెన్నై వరదలు, 2020 హైదరాబాద్ వరదలు, 2024 సెప్టెంబర్‌లో విజయవాడ బుడమేరు వరద, వీటిలో మునిగిన బండ్లు పక్క ఊళ్ళకి రాకుండా ఎక్కడికి పోతాయి?

సీటు బెల్టుని చివరిదాకా లాగండి. అడుగున ఉన్న భాగంలో బురద మరక గీతలా ఉంటుంది, అది కడిగినా పోదు. సీటు పట్టాల కింద, ఫ్యూజ్ బాక్సు మూలల్లో సన్నటి ఒండ్రు ఉందేమో చూడండి. లోపల అగరుబత్తి వాసనో, పెర్ఫ్యూమ్ వాసనో మరీ ఘాటుగా ఉంటే అద్దాలు మూసి పది నిమిషాలు కూర్చోండి. మునిగిన బండిని ఏ ధరకీ కొనొద్దు.

కాగితాలు

సి-బుక్‌లో (అంటే ఆర్సీలో) ఉన్న ఛాసిస్ నంబర్, ఇంజన్ నంబర్ బండి మీద ఉన్నవాటితో కలుస్తున్నాయో లేదో మీ కళ్ళతో చూడండి. ఎంపరివాహన్ యాప్‌లో నంబర్ కొడితే ఎన్నో ఓనరో, ఫైనాన్స్ ఉందో లేదో, ఇన్సూరెన్స్, పొల్యూషన్ తేదీలు తెలుస్తాయి. పెండింగ్ ఈ-చలాన్లు చూసి కట్టించాకే డబ్బు ఇవ్వండి. ఫైనాన్స్ తీరిపోయినా ఆర్సీలో కొట్టేయించకపోతే ఫారం 35, బ్యాంకు ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) కావాలి. ఓనర్‌షిప్ మార్చడానికి, అంటే టీఓకి, ఫారం 29, ఫారం 30.

"టీఓ తర్వాత చేయించుకుందాం" అనే మాట ఒప్పుకోకండి. చట్టం ప్రకారం అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో తెలియజేయాలి. ఆర్సీలో ఎవరి పేరుంటే యాక్సిడెంట్ కేసులో వాళ్ళే బాధ్యులని సుప్రీంకోర్టు 2018లో తేల్చి చెప్పింది. కాబట్టి అమ్మేవారికి కూడా ఇది మంచిదే. ఇన్సూరెన్స్ కూడా 14 రోజుల్లో మీ పేరుకి మార్చుకోండి. పాత ఓనరుకున్న నో క్లెయిమ్ బోనస్ ఆయనకే చెందుతుంది, బండితో పాటు మీకు రాదు. అందుకే మారాక ప్రీమియంలో కొంత తేడా కట్టమంటారు.

ఢిల్లీ నంబర్ డీజిల్ సెడాన్లు ఆశ్చర్యపోయేంత చవగ్గా కనిపిస్తాయి. అక్కడ పదేళ్ళు దాటిన డీజిల్, పదిహేనేళ్ళు దాటిన పెట్రోల్ బండ్ల మీద ఆంక్షలు పెట్టారు కాబట్టి అలా వదిలించుకున్నారు. ఆ నిబంధన మన దగ్గర లేదు. కానీ అక్కడి ఎన్ఓసీ తేవాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టాలి, నంబర్ మార్పించాలి. అవన్నీ కలిపితే ఇక్కడి ఏపీ 31 బండి ధరకే వచ్చి కూర్చుంటుంది.

అసలు లెక్క

2012 ప్రాంతపు పెట్రోల్ సెడాన్ 2.75 లక్షలకి తేలిందనుకోండి. మొదటి ఏడాది ఏమవుతుందో చూద్దాం. ఆయిల్, ఫిల్టర్లు, ప్లగ్గులు, కూలెంట్, బ్రేక్ ఆయిల్, గేర్ ఆయిల్ అన్నీ ఒకేసారి మార్చేస్తే 10–12 వేలు. టైర్ల పక్కన నాలుగంకెల తేదీ ఉంటుంది, మొదటి రెండు వారం, చివరి రెండు సంవత్సరం. 2319 అంటే 2019లో 23వ వారం. ఆరేళ్ళు దాటితే పువ్వు (టైరు మీది గాళ్ళు) ఎంత ఉన్నా మార్చాలి, నాలుగూ కలిపి 18–22 వేలు. బ్యాటరీ 5–6 వేలు. సస్పెన్షన్ బుష్‌లు, లింక్ రాడ్లు, ముందు షాకబ్జార్బర్లు 15–25 వేలు. ఏసీ ఐదు వేలతో సరిపెట్టొచ్చు, కంప్రెసర్ పోతే పాతిక. టీఓ, ఇన్సూరెన్స్ కలిపి 8–10 వేలు. మొత్తం 60 వేల నుంచి లక్ష. క్లచ్ కూడా అయిపోతే ఇంకో 10–14 వేలు.

అంటే మీ దగ్గర మూడున్నర లక్షలుంటే మీ బడ్జెట్ మూడున్నర లక్షలు కాదు, రెండు ముప్పావు లక్షలు. ఉన్నదంతా బండికే పెట్టేస్తే మొదటి ఆరు నెలల్లోనే తడిసి మోపెడవుతుంది. రిపేర్లు వాయిదా వేస్తారు, వాయిదా వేసిన చిన్న రిపేరు పెద్దదాన్ని వెంటబెట్టుకొస్తుంది.

రెండో ఏడాది నుంచి మామూలు సర్వీసుకి 6–8 వేలు, అనుకోని రిపేర్లకి 15–20 వేలు, ఇన్సూరెన్స్ విడిగా. పెట్రోల్ లీటరు 108 రూపాయల లెక్కన, నెలకి 800 కిలోమీటర్లు, సిటీలో 12 మైలేజీ అనుకుంటే నెలకి 7,200. రిఫైనరీ మల్కాపురంలో మన పక్కనే ఉన్నా రేటు తగ్గదు, ఆ బాధ వేరే.

పెట్రోల్ గురించి ఇంకో మాట. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20. 2023కి ముందు బండ్లలో చాలావరకు దానికోసం తయారు చేసినవి కావు. మైలేజీ కొంచెం తగ్గుతుంది, పాత రబ్బరు పైపులు, సీళ్ళు తొందరగా గట్టిపడి పగలొచ్చు. ఇథనాల్ తేమని పీల్చుకుంటుంది. మన తీరపు గాలిలో వారాల తరబడి బండి నిలబెట్టేవాళ్ళు ట్యాంకు అడుగంటనివ్వకుండా చూసుకోవాలి. సర్వీసుకి ఇచ్చినప్పుడల్లా ఫ్యూయల్ పైపులు చూడమని మెకానిక్‌కి చెప్పండి. బానెట్ తెరిస్తే పెట్రోల్ వాసన వస్తే ఆ రోజే చూపించండి.

డీజిల్ మీద మోజు ఉంటే నెలకి 1500 కిలోమీటర్లు తిరుగుతున్నారా అని ఒకసారి లెక్క వేసుకోండి. అనకాపల్లి, విజయనగరం రోజూ వెళ్ళొచ్చేవాళ్ళకి పనికొస్తుంది. ద్వారకానగర్‌లో ఆఫీసు, ఎంవీపీలో ఇల్లు అయితే మిగిలే డబ్బు ఒక ఇంజెక్టర్ రిపేరుకి చాలదు.

కొన్న తర్వాత

పదిహేను రోజులకోసారి బండి అడుగు మంచినీళ్ళతో ప్రెషర్ వాష్ చేయించండి, పైన మెరుపు లేకపోయినా పర్వాలేదు. భీమిలి రోడ్డులో అలలు ఎగసిపడే రోజుల్లో వెళ్ళొస్తే ఆ మర్నాడే కడిగించండి. డోర్ల అడుగు రంధ్రాలు ఏడాదికోసారి అగ్గిపుల్లతో శుభ్రం చేయండి. సముద్రం దగ్గర కారుకి ప్లాస్టిక్ కవరు కప్పకండి, తడి లోపలే ఉండిపోతుంది. షేడ్ ఉంటే మంచిది, లేకపోతే గాలి ఆడేలా వదిలేయడమే నయం. బ్యాటరీ టెర్మినళ్ళకి వాజలీన్ రాయండి. తుప్పు గీకి, ప్రైమర్ వేసి, ఆ తర్వాతే అండర్‌బాడీ కోటింగ్ చేయించండి. ఎండలు ముదిరిన రోజుల్లో చేయిస్తే లోపల తడి ఉండదు.

కూలెంట్ తగ్గితే డిస్టిల్డ్ వాటర్ కలిపిన కూలెంట్ మాత్రమే పోయండి. రోడ్డు మీద ముల్లు పైకి పోతే బండి పక్కకి తీసి ఆపేయండి, "ఇంకో రెండు కిలోమీటర్లే కదా" అనుకుని నడిపినవాళ్ళే హెడ్ పని చేయించుకుంటారు.

పదిహేనేళ్ళు నిండితే రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించాలి, అది ఐదేళ్ళకి వస్తుంది. గడువు తీరడానికి 60 రోజుల ముందు నుంచి ఫారం 25తో దరఖాస్తు చేసుకోవచ్చు. 2022 ఏప్రిల్ నుంచి కారుకి ఈ ఫీజు రూ. 5,000 అయింది, గడువు దాటితే నెలకి రూ. 500 చొప్పున అదనం, గ్రీన్ ట్యాక్స్ వేరే. బండిని ఫిట్‌నెస్‌కి చూపించాలి. అక్కడ లైట్లు, బ్రేకులు, పొల్యూషన్‌తో పాటు బాడీ పరిస్థితి కూడా చూస్తారు. కాబట్టి 13, 14 ఏళ్ళ బండి బేరమాడుతున్నప్పుడు ఈ ఖర్చంతా అమ్మేవారి ముందే కాగితం మీద రాసి, ఆ మేరకు ధర తగ్గించమని అడగండి. ఒప్పుకోకపోతే, గడువు 60 రోజుల్లోపే ఉన్న బండి అయితే "రెన్యువల్ చేయించి ఇవ్వండి, మీరడిగిన ధరే ఇస్తాను" అనండి. వెంటనే సరేనన్నారంటే బండి బాగున్నట్టే.